వెచ్చటి బ్యాటరీ

కింది వాటా,
శనివారం, మధ్యాహ్నం భోజనాలయ్యాక.

పై వాటాలో వేంచేసి ఉన్న పూజ్యులైన వదినగారికి,

కింది వాటా ఆడపడుచు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ మీరిద్దరూ క్షేమంగానే ఉన్నారని మా పైకప్పు మీద అడుగుల చప్పుడును బట్టి తెలుస్తూనే ఉంది. అన్నయ్యకి మోకాలి నొప్పి తగ్గినట్టుంది, పొద్దున పచార్లు జోరుగా సాగుతున్నాయి. మీ వంటింట్లోకి కొత్త స్టూలు వచ్చినట్టుంది. ఈడ్చినప్పుడల్లా కిర్రుమంటోంది. దాని కాళ్ళకి రబ్బరు ముక్కలు తొడిగించండి.

ఉత్తరం కదా, మర్యాదగా మొదలుపెట్టాలని మీరు, గారు అని రాశాను. ఇక నా వల్ల కాదు. నువ్వు అనే రాస్తాను.

నాలుగు మెట్లెక్కి చెప్పే మాటకి ఉత్తరమేమిటని నవ్వుకుంటున్నావేమో. మనం మాట్లాడుకుని ఎనిమిది నెలలు దాటింది. నీళ్ళ మోటారు స్విచ్ నా దగ్గర, ట్యాంకు నీ నెత్తి మీద ఉండబట్టి, ట్యాంకు నిండగానే నువ్వు గరిటెతో పైపు మీద రెండు దెబ్బలు వేస్తావు, నేను మోటారు ఆపుతాను. అంతవరకే మన సంభాషణ. మొదట్లో ఆ దెబ్బలకి పైపు పగులుతుందేమో అనిపించేది. ఈ మధ్య మెత్తబడ్డాయి. వదిన కోపం ఎందుకు తగ్గిందా అని అప్పుడే నాకు అనుమానం వేసింది.

నా సంగతి నీకు తెలుసు కదా. ఎవరైనా ఆవలిస్తే పేగులు లెక్కపెట్టే రకాన్ని. అనుమానం పెనుభూతమని నువ్వే ఎన్నోసార్లు తిట్టావు. కానీ ఈసారి భూతం నా ఊహలోది కాదు. మెట్ల కింద గదిలో, ఇనప అల్మారాలో, మూడో అరలో కూర్చుని ఉంది. అదేమిటో వరసగా చెబుతాను.

నా డ్రోన్ పైలట్ లైసెన్స్ ఈ నెలాఖరుతో అయిపోతోంది. రెన్యువల్ చేయించుకోమని ఫోన్‌కి సందేశం వచ్చింది. చేయించుకుంటే మళ్ళీ ఎగరేయాలి. చేయించకపోతే, ఎప్పుడైనా మనసు మారినా, క్లాసులూ పరీక్షలూ అన్నీ మొదటినుంచి మొదలుపెట్టాలి. ఈ వయసులో మళ్ళీ బెంచీ మీద కూర్చుంటానని నేనైతే అనుకోను. అంటే ఇదే ఆఖరు. వీధిలో వాళ్ళు పిలిచే పైలెట్టమ్మ అన్న పేరు కూడా దాంతోనే పోతుంది. కూరగాయలవాడు మామూలుగా అమ్మా అంటాడు. అంతే కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అంతే కాదని నీకు తెలుసు.

నీకు తెలిసిన సంగతులే కొన్ని మళ్ళీ రాస్తాను, విసుక్కోకు. కోపంలో మనిద్దరం తలో రకంగా గుర్తుపెట్టుకుని ఉంటాం. ఆరేళ్ళు మనం కలిసి పని చేశాం. షెడ్లు, ట్యాంకులు, పొగగొట్టాలు, మనిషి ఎక్కలేని పైకప్పు ఏదైనా సరే, పైనుంచి ఫోటోలు తీసి ఆ రిపేర్ల కంపెనీ మేనేజర్‌కి ఇచ్చేవాళ్ళం. నేను రిమోట్ పట్టుకుని స్క్రీన్ చూస్తూ ఎగరేసేదాన్ని. నువ్వు ఎండ టోపీ పెట్టుకుని, నా పక్కన నిలబడి, యంత్రం మీద నుంచి కన్ను తీయకుండా ఆకాశం చూసేదానివి. తీగ కనపడితే తీగ అనేదానివి, గద్ద వస్తే గద్ద అనేదానివి. నేను వెంటనే విన్నాను అనాలి. అనకపోతే నువ్వు వీధి మొత్తం అదిరేలా మళ్ళీ అరిచేదానివి. అది మన పద్ధతి. నువ్వు చెప్పింది నిజమా కాదా అని ఆరేళ్ళలో ఒక్కసారి కూడా నేను తలెత్తి చూడలేదు. మా ఆయన జీతం ఎంతో చెబితేనే రెండుసార్లు అడిగే మనిషిని నేను. ఈ లోకంలో నేను అనుమానించని గొంతు అదొక్కటే.

ఆ తర్వాత నూలు మిల్లు. పొగగొట్టం పక్కన సుడిగాలి లేచింది. నువ్వు గాలి అన్నావు, నేను విన్నాను అన్నాను, అయినా యంత్రం నా చేతిలో ఆగలేదు. రేకుల మీద పడి, అక్కడినుంచి జారి, బకెట్ మోసుకెళ్తున్న ఆవిడకి మూరెడు దూరంలో పడింది. అది నా తప్పూ కాదు, నీ తప్పూ కాదు. ఆవిడ బకెట్ కింద పెట్టకుండానే నన్ను కడిగి పారేసి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ మూరెడు దూరం ఇంకా కళ్ళ ముందే ఉంది. యంత్రం బాగుచేయించుకొచ్చాం గాని, రిమోట్ పట్టుకుంటే బొటనవేళ్ళు వణకడం మొదలైంది.

రెండు వారాలు పోయాక నువ్వు వచ్చి, ఖాళీ మైదానంలో కాసేపు ఎగరేద్దాం రా, భయం దానంతటదే పోతుంది అన్నావు. కింద నిలబడి పైకి చూసేదానివి, నీకేం తెలుస్తుంది అన్నాను నేను. అన్నాను, లేదనను. నువ్వు మాత్రం తక్కువ తిన్నావా. పైన ఎగిరేవాళ్ళకి కింద ఉన్నవాళ్ళు ఎప్పుడు కనపడ్డారులే అని, టోపీ తీసుకుని మెట్లెక్కి వెళ్ళిపోయావు. అప్పటినుంచి ఇక గరిటె దెబ్బలే. నేను ఇంట్లో కూర్చుని స్టూడియోవాళ్ళ పెళ్ళి ఫోటోలు సరిచేసుకుంటూ బతుకుతున్నాను. వంకర మెడలు నిలబెట్టడం, తెగిన తలలు అతికించడం నా ఉద్యోగం.

ఇక అసలు విషయం. రెన్యువల్ సందేశం వచ్చిన మర్నాడు, యంత్రం మొహం ఒకసారి చూసి అప్పుడు నిర్ణయించుకుందామని మెట్ల కింద గదికి వెళ్ళాను. అల్మారా తీసి, మూడో అరలో బ్యాటరీ మీద చెయ్యి వేశాను. వెచ్చగా ఉంది.

ఎనిమిది నెలలుగా ఎగరని యంత్రం బ్యాటరీ వెచ్చగా ఎందుకుంటుంది? నా చెయ్యే వేడిగా ఉందేమోనని రెండో చెయ్యి పెట్టి చూశాను. చెంపకి ఆనించి కూడా చూశాను. ఆ సమయంలో ఎవరైనా చూసి ఉంటే నాకు మతి పోయిందనుకునేవాళ్ళు. పక్కనున్న బ్యాటరీ చల్లగా ఉంది. ఇదొక్కటే వెచ్చగా ఉంది, అప్పుడే దిగి వచ్చినట్టు. యంత్రం కాళ్ళు చూస్తే ఒకదానికి గడ్డి గింజ అంటుకుని ఉంది. మన వీధిలో గడ్డి ఎక్కడుంది? నేను దాచిపెట్టేటప్పుడు రెక్కలు ఎడమ వైపుకి మడుస్తాను. ఇప్పుడు కుడి వైపుకి మడిచి ఉన్నాయి.

మొదట మా ఆయన మీదే అనుమానం వచ్చింది. కట్టుకున్నవాడిని ముందు అనుమానించడం న్యాయం, సులువు కూడా. అల్మారా తలుపుకి అడ్డంగా నల్లదారం ఒకటి అంటించి పెట్టాను. మర్నాడు ఆయనే వచ్చి, తలుపుకి ఏదో దారం వేలాడుతుంటే నీ కుట్టుపనిదేమోనని తెంచి పారేశాను, సైకిల్ పంపు ఎక్కడ పెట్టావు అని అడిగాడు. దొంగ అలా వచ్చి దారం సంగతి చెప్పడు. అయినా రెండు రోజులు కనిపెట్టి చూశాను. ఫ్యాన్ నాలుగు మీద పెడితే ఊడిపడుతుందని మంచం పక్కకి జరుపుకునే మనిషి. ఆయన డ్రోన్ ఎగరేయడం కల్ల. ఆయన్ని వదిలేశాను గాని, నన్నెందుకు అలా చూస్తున్నావని ఇప్పటికీ అడుగుతున్నాడు.

ఇంతలో మందుల షాపు దగ్గర మేనేజర్ కనపడ్డాడు. నన్ను చూసి మొహం ఇంత చేసుకుని, పైలెట్టమ్మగారూ, పాల డిపో షెడ్డు ఫోటోలు బ్రహ్మాండంగా వచ్చాయండీ, పగుళ్ళన్నీ స్పష్టంగా కనపడ్డాయి, కాకపోతే ఈ మధ్య మూలలు తెగిపోతున్నాయి, అది కాస్త చూసుకోండి అన్నాడు. నేను ఆ డిపో గడపే తొక్కలేదు. అయినా మొహంలో ఏమీ కనపడనివ్వలేదు. అవునండీ, ఈసారి జాగ్రత్తగా తీస్తాను అన్నాను. నేను తీయని ఫోటోలకి నేనే క్షమాపణ చెప్పుకుని వచ్చాను వదినా. లైసెన్స్ రెన్యువల్ మర్చిపోకండి, మా పనులన్నీ మీ పేరు మీదే నడుస్తున్నాయి అని వెళ్తూ వెళ్తూ ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

అయితే వీడే ఎవరినో పెట్టి నా పేరుతో ఎగరేయిస్తున్నాడని ఆ పూటంతా ఉడికిపోయాను. రాత్రికి గాని బుర్ర పని చేయలేదు. యంత్రం ఉన్నది మన మెట్ల కింద. మేనేజర్ మన గేటు దాటి ఏనాడూ లోపలికి రాలేదు. అల్మారాకి రెండే తాళంచెవులు. ఒకటి నా దగ్గరుంది, రెండోది పై వాటాలో మేకుకి వేలాడుతోంది. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడికి నా అంత తీరిక ఉండి ఉండదు.

నా కంప్యూటర్లో ఏదో పోయిందని అబద్ధం చెప్పి, మేనేజర్ దగ్గరనుంచి ఆ ఫోటోలన్నీ మళ్ళీ తెప్పించుకున్నాను. పెద్ద స్క్రీన్ మీద ఒక్కొక్కటీ చూశాను. ఎగరేసిన చెయ్యి మంచిది, అది ముందే ఒప్పుకుంటున్నాను. ఫోటోలో వణుకు లేదు, తొందర లేదు. కానీ ప్రతి ఫోటోలోనూ ఏదో ఒక మూల తెగిపోయింది. స్క్రీన్ చూసుకునేవాళ్ళు ఇలా తీయరు, చంటిపిల్ల కూడా మూల కనపడేదాకా జరుపుతుంది. ఇంకో సంగతి. షెడ్డుకి వెనక వైపు ఫోటో ఒక్కటీ లేదు. అన్నీ ముందునుంచి, పక్కనుంచి తీసినవే. వెనక్కి పోనిస్తే యంత్రం కంటికి కనపడదు. స్క్రీన్ నమ్ముకున్న పైలట్‌కి అదొక లెక్క కాదు, నేనైతే కళ్ళు మూసుకుని వెనక్కి పంపేస్తాను. యంత్రం కంటి ముందునుంచి పోకూడదు, పోతే ప్రాణం పోయినట్టేనని అనుకునేవాళ్ళు ఎవరు?

నేను కుర్చీలో వెనక్కి వాలిపోయాను. ఈ ఫోటోలు తీసిన మనిషి చేతిలో స్క్రీన్ పెట్టుకుని ఆకాశం చూస్తోంది. పైలట్‌గా నేర్చుకున్నవాళ్ళు చేసే పొరపాటు కాదిది. ఏళ్ళ తరబడి పక్కన నిలబడి యంత్రాన్నే చూస్తూ, చూసి చూసి నేర్చుకున్న మనిషి ఒకరే చేయగలరు.

అయినా తొందరపడలేదు. మంగళవారం పొద్దున మెట్ల దగ్గర తేలు కుట్టిన దొంగలా మొహం వేసుకుని అన్నయ్య ఎదురయ్యాడు. భుజాన పెద్ద సంచీ. ఏమిటన్నయ్యా అది అంటే, దుప్పట్లు, ఉతకడానికి ఇస్తున్నాను అన్నాడు. దుప్పట్లకి అంత చదరపు మూలలు ఎక్కడివి? ఇంకా ఏమీ అడగకముందే, డ్రోన్ గీన్ ఏమీ లేదమ్మా అన్నాడు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమంటే ఇదే. దానికి తోడు ఈ మధ్య ఎప్పుడు కనపడ్డా, లైసెన్స్ రెన్యువల్ చేయించుకో, వదిలేస్తే నష్టం అని నాకు బోధ చేస్తున్నాడు. నా పెళ్ళప్పుడు కూడా అంత శ్రద్ధ చూపించలేదు.

ఇప్పుడు అన్నీ ఒక చోట పెట్టి చూడు. మేనేజర్‌తో ఫోన్లు, బిల్లులు, బ్యాంకు మొదటినుంచీ నీ పనే. నేను ఎప్పుడూ తలదూర్చలేదు కాబట్టి పనులు ఆగిపోయాయో, సాగుతున్నాయో నాకు తెలిసే దారి లేదు. రెండో తాళంచెవి నీది. కాపలా కాసే మొగుడు నీవాడు. ఎగిరేది నా యంత్రం. ఫోటోల కింద వేసే పేరు నాది.

నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఏదన్నా జరిగితే ఏం చేసేదానివి? నీకు లైసెన్స్ లేదు. మిల్లులో మూరెడు దూరంలో పడ్డది, పాల డిపోలో ఎవరి నెత్తినో పడి ఉంటే? పేరు నాది, చేతులు నీవి. ఎవరు లోపలికి పోవాలి? జైల్లో కూడా కింది వాటా, పై వాటా ఉంటాయనుకున్నావా?

అంతకంటే నన్ను తినేసే సంగతి ఇంకొకటుంది. నా లైసెన్స్ రెన్యువల్ కావాలంటే ఈ మధ్య ఎగరేసినట్టు చూపించాలి. నేను ఎగరేయకపోయినా నా పేరు మీద ఎగిరిన గంటల లెక్క నిండుగా ఉంది, చూసుకున్నాను. సంతకం పెడితే చాలు, రెన్యువల్ అయిపోతుంది. అందుకే అడుగుతున్నాను. నాకు తెలియకుండా నువ్వు ఎగరేస్తున్నది నా కోసమా, నా చోటు కోసమా? నేను భయపడి కూర్చుంటే నా లైసెన్స్ బతికించి ఉంచుదామనా, లేక పైలెట్టమ్మ మూలన పడింది, ఇక ఆ పేరు వాడుకోవచ్చనా? రెండింటికీ చేసే పని ఒక్కటే కాబట్టి, బయటనుంచి చూసి తెలుసుకోవడం ఎలాగో నాకు తెలియలేదు. రెన్యువల్ చేయించాలో వద్దో ఆ జవాబును బట్టే ఉంది.

మోకాలికి పట్టీ వేసుకోమని అన్నయ్యకి చెప్పు. స్టూలు సంగతి మర్చిపోకు.

ఇట్లు,
నీ మాట తప్ప అందరి మాటా అనుమానించిన,
ఇప్పుడు నీ మాట కూడా అనుమానిస్తున్న,
నీ ఆడపడుచు.

తా.క.

పై రెండు ప్రశ్నలకీ జవాబు నాకు తెలుసు వదినా. నీకు కాస్త చెమటలు పట్టాలనే అంత రాశాను. ఎనిమిది నెలలు నన్ను గుడ్డిదాన్ని చేసినందుకు ఆ మాత్రం శిక్ష ఉండాలి.

గురువారం మీరిద్దరూ సంచీతో బయల్దేరితే, నేను మీ వెనకే వచ్చాను. పాత గోడౌన్ దగ్గర ఆగి ఉన్న లారీ చాటున నిలబడ్డాను. నువ్వు నా రిమోట్ పట్టుకుని తలెత్తి ఉన్నావు. పక్కన అన్నయ్య నీ టోపీ పెట్టుకుని ఆకాశం కాస్తున్నాడు. ఏం కాయడం అది! కాకి అన్నాడు, విన్నాను అన్నావు. ఇంకో కాకి అన్నాడు, విన్నాను అన్నావు. విమానం అన్నాడు, మళ్ళీ తనే, చాలా పైన ఉందిలే అన్నాడు. దానికీ విన్నాను అన్నావు. నాకు నవ్వు ఆగలేదు, నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను.

అప్పుడు యంత్రం వీధిదీపం స్తంభం వైపు జరిగింది. అక్కడ పాత తీగ ఒకటి వేలాడుతోంది. ఎండ ఎదురుగా ఉండటంతో నీకు కనపడలేదు. అన్నయ్య ఇంకా విమానాన్నే చూస్తున్నాడు. తీగ అని అరుపు వినపడింది కదా? ఆ గొంతు ఎవరిదని అప్పటినుంచీ అన్నయ్యని అడుగుతున్నావట. నీ భ్రమ అంటున్నాడట. భ్రమ కాదు, నేనే. నువ్వు ఎవరని చూడలేదు. నిజమా అని చూడలేదు. విన్నాను అన్నావు, యంత్రాన్ని పక్కకి లాగావు, ఆ తర్వాతే తల తిప్పావు. అప్పటికి నేను లారీ టైరు వెనక కూర్చుని ఏడుస్తున్నాను. ఎనిమిది నెలల తర్వాత మనం మాట్లాడుకున్న మాట అది. నా అరుపులో వణుకు లేదు వదినా. చేతులు వణికే మనిషికి గొంతు వణకదని నాకు ఆ రోజే తెలిసింది.

నిన్న అన్నయ్యని కాఫీకి పిలిచాను. వాడి నోట్లో నువ్వు గింజ నానదు కదా, కప్పు ఖాళీ అయ్యేలోపే అంతా కక్కేశాడు. మీ చెల్లి ఎప్పటికైనా మళ్ళీ ఎగరేస్తుంది, అప్పటికి లైసెన్స్ చచ్చిపోయి ఉండకూడదు, అంతవరకు నేను వెచ్చగా ఉంచుతాను అన్నావట. నమ్మాను. కానీ అది సగం నిజమే. గురువారం పని అయిపోయాక, బ్యాటరీలో కాస్త మిగిలి ఉంటే, నువ్వు యంత్రాన్ని వెంటనే దించలేదు. గోడౌన్ మీద నెమ్మదిగా ఒక చుట్టు తిప్పావు. ఫోటో లేదు, పని లేదు. నోరు తెరిచి నవ్వుతూ చూస్తూ నిలబడ్డావు. పనులన్నీ నా కోసమైతే, ఆ చివరి చుట్టు ఎవరి కోసం? ఈ ఒక్క అనుమానం మాత్రం నేను వదులుకోను.

లైసెన్స్ రెన్యువల్ చేయించడం లేదు. నేను ఎగరేయనివి చూపించి సంతకం పెట్టలేను. ఈ పొద్దున మేనేజర్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేశాను. కేకలు వేశాడు. సరైన లైసెన్స్ చేతికి వచ్చేదాకా పని లేదు పొమ్మన్నాడు. వచ్చాక మాత్రం మళ్ళీ రమ్మన్నాడు, మూలలు తెగకుండా తీస్తేనే సుమా అన్నాడు. శిక్షణ క్లాసులు వచ్చే నెల మొదలు. సీటు అడిగి పెట్టి వచ్చాను, నా కోసం కాదు. అభ్యర్థి పేరు అడిగితే, మా వదిన అన్నాను. అసలు పేరు ఆవిడే వచ్చి రాస్తుందన్నాను. బెంచీ మీద నిద్రపోకు. స్క్రీన్ చూడటం నేర్చుకో.

నీ టోపీ అన్నయ్య దగ్గరనుంచి లాక్కున్నాను. అది నాకు కాస్త వదులు, పిన్ను పెట్టుకుంటాను. ఇక మీద తీగలూ గద్దలూ నావి.

ఈ ఉత్తరం తలుపు కింద నుంచి తోసి, మెట్లు దిగిపోతాను. చదివాక గరిటెతో పైపు మీద కొట్టి ఊరుకుంటే కుదరదు. మెట్ల దగ్గరికి వచ్చి, విన్నాను అని నోటితో అనాలి. అనేదాకా నేను కిందే నిలబడి, పైకి చూస్తూ ఉంటాను.